చెయ్యి తప్పా? రేకు తప్పా?

పట్నంలో పెద్ద షాపింగు మాల్‌కి పోయినవాళ్లు వీడియో ఆటల పెట్టెలు చూసే ఉంటారు. పెట్టె బీరువా అంత ఉంటుంది. పైన టీవీ లాంటి తెర. తెర కింద బస్సు గేరు రాడ్డు లాంటి చిన్న కడ్డీ. దాన్ని జాయ్‌స్టిక్ అంటారు. కడ్డీని ఎటు తోస్తే తెర మీద బొమ్మ అటు పోతుంది.

ఇలాంటి ఆటల్లో బాగా పేరు పడ్డది పాక్‌మాన్. జపాను దేశంలో నామ్కో అనే కంపెనీ 1980లో తెచ్చింది. ఆట ఊహించినవాడు తోరు ఇవటాని. అప్పట్లో ఆటలన్నీ చాలావరకు కాల్చడం, పేల్చడమే. ఆటల షాపుల నిండా మగపిల్లలే. ఆడవాళ్లు కూడా వచ్చి ఆడే ఆట చెయ్యాలని ఇవటాని అనుకున్నాడు. అందుకని తినే ఆట అల్లాడు. ఆడవాళ్లంటే తిండే గుర్తొచ్చిందా అని మీరు అడగొచ్చు. ఆ మాట అలా ఉంచండి. ఆట మాత్రం ఆడా మగా అందరికీ నచ్చింది.

పసుపుపచ్చటి గుండ్రటి బొమ్మ నోరు తెరుస్తూ, మూస్తూ సందుల్లో తిరుగుతుంది. చుక్కలు తింటుంది. చిన్న చుక్కలు 240, పెద్దవి 4. నాలుగు దయ్యాలు దాని వెంట పడతాయి. దయ్యం తాకితే ఒక ప్రాణం పోతుంది. ప్రాణాలన్నీ పోతే ఆట అయిపోయినట్టే. మళ్లీ ఆడాలంటే మళ్లీ నాణెం వెయ్యాలి. ఈ ఆటలో కాల్చే బటన్లు లేవు. ఉన్నది ఒక్క కడ్డీ. పైకి, కిందికి, కుడికి, ఎడమకి. అంతే.

ఒక పిల్ల ఆడుతోంది అనుకోండి. దయ్యం వెనకాలే వస్తోంది. కుడివైపు సందు ఉంది. పిల్ల కడ్డీని కుడికి తోసింది. బొమ్మ తిరగలేదు. నేరుగా పోయి ఇంకో దయ్యానికి దొరికింది. పక్కన నిలబడ్డవాళ్లు "నీకు చేతకాదు" అన్నారు. పిల్ల కూడా అదే నిజం అనుకుంది. నాణెం పోయింది, మాట కూడా పడింది. కానీ తప్పు చేతిది కాకపోవచ్చు. పెట్టె లోపలి రేకుది కావచ్చు.

ఏమిటా రేకు?

కడ్డీ కింద నాలుగు పక్కలా నాలుగు స్విచ్చులు ఉంటాయి. పాత పెట్టెల్లో ఒక్కో స్విచ్చుకి రెండు పలచటి రేకులు. పక్కపక్కనే ఉంటాయి గానీ తాకవు. మధ్యలో సన్నటి సందు ఉంటుంది. కడ్డీ తోసినప్పుడు ఒక రేకు వంగి రెండోదాన్ని తాకుతుంది. కరెంటు పారుతుంది. "కుడికి" అన్న కబురు యంత్రానికి అందుతుంది. కడ్డీ వదిలితే రేకు వెనక్కి వస్తుంది. పాత టార్చిలైటు విప్పి చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అందులోనూ మీట జరిపితే రేకు తాకి బల్బు వెలుగుతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ కడ్డీల్లో చాలా రకాలు ఏతం లాంటివి. ఏతం ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది కదా! అలాగే కడ్డీ పైభాగం కుడికి పోతే అడుగుభాగం ఎడమకి పోతుంది. అంటే "కుడి" స్విచ్చు ఎడమ పక్కన ఉంటుంది. ఇది తెలియనివాళ్లు బాగున్న స్విచ్చును వంచి పాడు చేస్తారు.

రేకుల మధ్య సందు ఎక్కువైతే కడ్డీని గట్టిగా చివరిదాకా తొయ్యాలి. కబురు ఆలస్యంగా పోతుంది. ఆలోగా దయ్యం వచ్చేస్తుంది. సందు మరీ తక్కువైతే ఇంకో గోల. కుడికి తోస్తే పైరేకులు కూడా తాకుతాయి. రెండు కబుర్లు ఒకేసారి పోతాయి. ఏది వినాలో యంత్రానికేం తెలుసు?

బాగుచేసేటప్పుడు ముందు ప్లగ్గు పీకాలి. తెర వెనక మాత్రం చెయ్యి పెట్టకూడదు. పాత తెరల్లో ప్లగ్గు పీకాక కూడా షాకు కొట్టే కరెంటు నిలిచి ఉంటుంది. తర్వాత కడ్డీ ఉన్న పలక లేపాలి. సగం జబ్బు మురికే. రేకులు తాకే చోట మందపాటి తెల్ల అట్టముక్క పెట్టి, రేకుల్ని మెల్లగా నొక్కి పట్టి అట్టను లాగాలి. అట్ట మీద నల్లటి గీత పడుతుంది. గీత పడనంతవరకూ లాగాలి. ఉప్పుకాగితం, ఆకురాయి పెట్టకూడదు. కొన్ని రేకుల కొసలకి బంగారు పూత ఉంటుంది. అది గీసుకుపోతుంది.

అప్పటికీ కుదరకపోతే రేకు వంచాలి. కడ్డీ నెట్టే పొడుగు రేకు జోలికి పోకుండా, ఎదుటి పొట్టి రేకును సన్నమూతి పటకారుతో మొదట్లో పట్టి వంచాలి. జుట్టంత వంచాలి, చూడాలి. మళ్లీ జుట్టంత. విసుగొచ్చి ఒక్కసారే వంచితే రేకు విరుగుతుంది. కడ్డీ సగం దూరం పోయేసరికి రేకులు తాకాలి. తాకాక రెండూ కలిసి ఇంకొంచెం వంగాలి. అప్పుడు ఒకదాన్నొకటి రుద్దుకుని వాటంతట అవే శుభ్రపడతాయి. నాలుగు పక్కలా సందు ఒకేలా ఉండాలి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక తాకితే ఎంత ఆడినా చెయ్యి కుదరదు.

తర్వాత వచ్చిన కడ్డీల్లో రేకుల బదులు చిన్న డబ్బీ స్విచ్చులు ఉన్నాయి. నొక్కితే టిక్కుమంటాయి. పాడైతే మార్చడమే.

పలక మూశాక ప్లగ్గు పెట్టి ఆడి చూడాలి. కడ్డీని మెల్లగా కుడికి తొయ్యాలి. బొమ్మ వెంటనే కుడి సందులోకి తిరిగితే కుడి పక్క సరే. ఇంకా మూడు పక్కలున్నాయి. అవీ చూశాకే ఆ పిల్లను పిలవాలి.