కండల కొండ బోలో: కొన్ని వింతలు, కొన్ని రికార్డులు

‘ఎంటర్ ది డ్రాగన్’ చూసినవాళ్లని ఎవరినైనా కదిలించి చూడండి. బ్రూస్‌లీకీ, ఆ కండల బోలోకీ జరిగిన ఫైటు ఎలా ఉంటుందో చేతులూపుతూ చెప్పడం మొదలుపెడతారు. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో, ఎవరు ఎక్కడ పడ్డారో కూడా చెప్పేస్తారు. తమాషా ఏమిటంటే, ఆ సినిమాలో అలాంటి ఫైటే లేదు. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకోరు.

అసలు జరిగింది ఇదీ. దీవి యజమాని హాన్ తన అతిథుల్లో ఒకడైన రోపర్‌ని బ్రూస్‌లీతో తలపడమంటాడు. రోపర్ ససేమిరా అంటాడు. హాన్‌కి ఒళ్లు మండి బోలోని రంగంలోకి దింపుతాడు. అంతకుముందే బోలో ప్రతాపం మనకు తెలుసు. రాత్రి పహారాలో విఫలమైన కాపలావాళ్లని అందరి ముందూ నిలబెట్టి, ఒక్కొక్కరి నడుమూ మెడా విరిచేస్తాడు. రోపర్ పని కూడా అయిపోయిందనే అనుకుంటాం. కానీ బోలో పట్టులోంచి తప్పించుకోవడానికి రోపర్ కాలు కొరికి, ఆఖరికి తన్నకూడని చోట తన్ని గెలుస్తాడు. కండలదే గెలుపని నమ్మిన ప్రేక్షకుడికి ఇంతకంటే అవమానం ఉండదు. అలాంటి ఓటముల పరంపర దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. కుంగ్‌ఫూ సినిమాల్లో ఇంత పేరు తెచ్చుకుని, ఇన్నిసార్లు చావుదెబ్బలు తిన్న నటుడు మరొకరు నాకు తట్టడం లేదు.

ఆ ఒక్క సినిమాలోనే వింతలు బోలెడు. విలన్ హాన్‌గా వేసిన షి కీన్‌కి అప్పటికి అరవై ఏళ్లు. ఆయన నోట వినిపించే ఇంగ్లీషు గొంతు ఆయనది కాదు, కీ ల్యూక్ అనే మరో నటుడిది. బ్రూస్‌లీ జుట్టు పట్టుకుని మెడ విరిచే కుర్రాడు జాకీ చాన్. ఇక బ్రూస్‌లీ ఆ సినిమా విడుదలని చూడనే లేదు. 1973 జులై 20న, 32 ఏళ్లకే పోయాడు. దాదాపు ఎనిమిదిన్నర లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమాని 2004లో అమెరికా తన జాతీయ సినిమా రిజిస్ట్రీలో భద్రపరిచింది.

పాత్ర పేరే సొంత పేరు

మన దగ్గర మొదటి హిట్టు సినిమా పేరు ఇంటిపేరైపోవడం మామూలే. షావుకారు జానకి, శుభలేఖ సుధాకర్, అల్లరి నరేష్. ఈయనకి పాత్ర పేరే అసలు పేరుని మింగేసింది. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 1946 జులై 3న పుట్టినప్పుడు ఆయన యాంగ్ సే. హాంకాంగ్‌లో వాడే కాంటనీస్ ఉచ్చారణలో యెంగ్ సే. ‘ఎంటర్ ది డ్రాగన్’లో వేసిన పాత్ర పేరు బోలో. సినిమా ఆడాక జనం ఆ పేరుతోనే పిలిచారు, ఆయనా దాన్నే పట్టుకున్నాడు, బోలో యెంగ్ అయిపోయాడు. 1977లో ‘బోలో’ అన్న పేరుతోనే ఓ సినిమాకి దర్శకత్వం కూడా వహించాడు. నాలుగైదు మాటలకు మించి లేని పాత్ర పేరు మీద ఒక జీవితమంతా గడిచిపోయిందంటే అది చిన్న విశేషం కాదు.

ఇంకో బిరుదు ‘చైనీస్ హెర్క్యులస్’. ఇది కూడా సినిమా పేరే. 1973లో తీసిన ఒక హాంకాంగ్ సినిమాని అమెరికాలో విడుదల చేసినప్పుడు పంపిణీదారులు పాత పేరు తీసేసి ఇది తగిలించారు. పోస్టరు నిండా బోలో కండలే. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళితే హీరో వేరే, బోలో విలను. పోస్టరు చూసి మోసపోవడం మన ఒక్క ఊళ్లోనే కాదన్నమాట. హెర్క్యులస్ అంటే తెలుగువాళ్లకి మన వీరఘట్టం కోడి రామమూర్తినాయుడు గుర్తొస్తాడు గానీ, ఆయన గుండె మీద ఏనుగుని నిలబెట్టిన కాలం, ఆ కథ వేరు.

ఈది వచ్చినవాడు

బోలో జీవితం గురించి ఎక్కడ రాసినా తప్పకుండా వచ్చే ముచ్చట ఒకటుంది. 1960లలో కమ్యూనిస్టు చైనా నుంచి సముద్రం ఈదుకుంటూ హాంకాంగ్ చేరాడని. సినిమా కథలా అనిపించినా, ఆ రోజుల్లో ఇది వేలమంది చేసిన పని. కొండలెక్కి కంచెలు దాటినవాళ్లు కొందరైతే, రాత్రిపూట అఖాతాల్లో దిగి బంతుల్లోని గాలి బ్లాడర్లు పట్టుకుని ఈదినవాళ్లు ఇంకొందరు. గస్తీ పడవలకు దొరికితే వెనక్కి, తూర్పు వైపు నీళ్లలో అయితే సొరచేపల భయం. ఒడ్డు చేరినవాళ్లలో చాలామంది హాంకాంగ్ ఫ్యాక్టరీల్లో చేరారు. యాంగ్ సే బరువులెత్తే గది వెతుక్కున్నాడు.

1970లో మిస్టర్ హాంకాంగ్ అయ్యాడు. ఆ పట్టం పదేళ్లు ఆయన దగ్గరే ఉందని చెబుతారు. ఎత్తు చూస్తే అయిదడుగుల ఆరంగుళాలే. మెడ ఎక్కడ ఆగిందో, భుజం ఎక్కడ మొదలైందో తెలియని ఆ శరీరం మాత్రం తెరమీద ఏడడుగుల మనిషిలా కనబడుతుంది. ఇది కెమెరా మాయ కాదు. కుంగ్‌ఫూ నటులు అప్పటిదాకా సన్నగా, బెత్తంలా ఉండేవాళ్లు. వాళ్ల పక్కన నిలబడితే ఎవరికైనా ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షా బ్రదర్స్ కంపెనీ ఆ తేడానే వాడుకుంది. 1972లో వచ్చి అమెరికాలో కుంగ్‌ఫూ పిచ్చి రేపిన ‘కింగ్ బాక్సర్’లో ఆయనకో మల్లయోధుడి వేషం ఇచ్చారు.

బ్రూస్‌లీతో పరిచయం మాత్రం స్టూడియోలో కాదు, ఒక సిగరెట్ ప్రకటన దగ్గర అంటారు. ఒకరు ఒళ్లుని కత్తిలా సానబెట్టుకున్నవాడు, ఇంకొకరు హాంకాంగ్ కండల ఛాంపియన్. ఇద్దరూ కలిసి పొగాకు అమ్మారంటే ఈ రోజుల్లో పిల్లలు నమ్మరు.

తండ్రితో దక్కని ఫైటు

బ్రూస్‌లీ పోయాక హాంకాంగ్‌లో నకిలీ బ్రూస్‌లీల పంట పండింది. బ్రూస్ లె, డ్రాగన్ లీ, బ్రూస్ లాయ్ ఇలా. కళ్లద్దాలు, పసుపు రంగు ట్రాక్ సూటు, ముక్కు తుడుచుకోవడం, ఆ పిల్లి కూత ఉంటే చాలు, హీరో తయారు. అసలు బ్రూస్‌లీతో తలపడే అవకాశం రాని బోలో ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఈ నకిలీల మధ్య గడిపాడు. పరాకాష్ఠ 1980 నాటి ‘ది క్లోన్స్ ఆఫ్ బ్రూస్‌లీ’. చనిపోయిన బ్రూస్‌లీ ఒంట్లోని కణాలతో ఓ శాస్త్రవేత్త ముగ్గురు బ్రూస్‌లీలను పుట్టిస్తాడు. అలా పుట్టినవాళ్లకి కుంగ్‌ఫూ నేర్పే పని బోలోది! ఇంత మొండి కథని సీరియస్‌గా తీసినందుకే ఆ సినిమా ఇవాళ్టికీ కొందరికి ముద్దు.

1986లో బ్రూస్‌లీ కొడుకు బ్రాండన్ లీ హాంకాంగ్‌లో తొలిసారి హీరోగా చేసిన ‘లెగసీ ఆఫ్ రేజ్’లో బోలోది చిన్న వేషం. అందులో ఇద్దరూ తలపడతారు. తండ్రీకొడుకులిద్దరితో తెర పంచుకున్న ప్రతినాయకుడన్న పేరు అలా దక్కింది. ఏడేళ్ల తర్వాత బ్రాండన్ కూడా, 28 ఏళ్ల వయసులో, షూటింగ్‌లో తుపాకీ ప్రమాదంలో పోయాడు.

720 కోట్ల కోట్ల మంది

నిజంగా రికార్డుల పిచ్చి ఉన్న సినిమా ‘బ్లడ్‌స్పోర్ట్’. 1988 ఫిబ్రవరిలో విడుదలయ్యే నాటికి బోలోకి 41 ఏళ్లు, హీరో జాన్ క్లాడ్ వాన్ డామ్‌కి 27. దాదాపు 20 లక్షల డాలర్లతో తీస్తే అమెరికాలోనే కోటి డాలర్లు దాటి వసూలు చేసింది. వాన్ డామ్‌కి ఆ ఏడాది చెత్త కొత్త నటుడి అవార్డు నామినేషన్ వచ్చింది. అయితే ఏం, స్టారు అయిపోయాడు.

ఇందులో బోలో పాత్ర చోంగ్ లీ. కుమిటే అనే రహస్య పోటీలో ఛాంపియన్. అతివేగంగా నాకౌట్ చేసిన రికార్డు అతనిదే, హీరో ఫ్రాంక్ డక్స్ తన మొదటి పోటీలోనే దాన్ని చెరిపేస్తాడు. అప్పుడు బోలో మొహం చూడాలి. ఒక్క మాట లేదు, దవడ కదులుతుంది, ఛాతీ కండలు ఎగురుతాయి, అంతే. నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం తర్వాత వస్తుంది. చోంగ్ లీ ఒక పోటీదారుణ్ని అవసరం లేకుండా చంపేస్తాడు. చప్పట్ల కోసం జనం వైపు తిరుగుతాడు. గ్యాలరీలో ఉన్నవాళ్లందరూ, న్యాయనిర్ణేతలతో సహా, వీపు చూపించి నిలబడతారు. బోలో చుట్టూ చూస్తాడు. తప్పు తెలిసిన చూపు కాదది, ఈ జనానికి ఏమైందన్న చూపు. డైలాగు లేకుండా ఇంత చెప్పిన విలన్లు తక్కువ. ఆఖరి ఫైటులో పొడి చల్లి హీరో కళ్లు మూయించినా ఓడిపోతాడనుకోండి, అది వేరే సంగతి.

సినిమా అయ్యాక తెరమీద అక్షరాలు వస్తాయి. ఈ కథ నిజంగా జరిగిందట. ఫ్రాంక్ డక్స్ అనే అమెరికన్ 1975 నుంచి 1980 దాకా 329 పోటీలు చేసి ఒక్కటీ ఓడలేదట. 3.2 సెకన్లలో నాకౌట్, 0.12 సెకనులో గుద్దు, గంటకి 72 మైళ్ల వేగంతో తన్ను, ఒకే టోర్నమెంటులో వరసగా 56 నాకౌట్లు. తన్ను సంగతి చూద్దాం. 72 మైళ్లంటే దాదాపు 116 కిలోమీటర్లు, హైవే మీద కారు వేగం. రహస్య పోటీలో, రహస్య వేదిక మీద, ఆ వేగాన్ని కొలిచే యంత్రం పట్టుకుని నిలబడిన పుణ్యాత్ముడెవరో!

అయినా తన్నుని క్షమించవచ్చు. 56 దగ్గరే లెక్క తేడా కొడుతుంది. సినిమాలో చూపించినట్టు ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి రౌండుకి అనే పద్ధతయితే, ప్రతి రౌండులో సగంమంది వెళ్లిపోతారు. వరసగా పది గెలవాలంటే పోటీకి 1,024 మంది రావాలి. ఇరవై గెలవాలంటే పది లక్షలు దాటాలి. 33 గెలవాలంటే దాదాపు 859 కోట్లు, అంటే ఇవాళ భూమ్మీదున్న అందరూ, చంటిపిల్లలతో సహా, రింగులోకి దిగినా చాలరు. 56కి వచ్చేసరికి 720 కోట్ల కోట్ల మంది కావాలి. కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

1988లోనే లాస్ ఏంజెలస్ టైమ్స్ పత్రిక ఈ గొప్పల్ని తవ్వి తీసింది. ఆ పోటీలో గెలుచుకున్నానని డక్స్ చూపించిన కప్పు అక్కడి స్థానిక దుకాణంలోనే తయారైందని రాసింది. డక్స్ మాత్రం తన మాటకే కట్టుబడ్డాడు. హీరో రికార్డులకి సాక్షులు లేరు. బోలోవి మాత్రం అన్నీ రీళ్ల మీదే ఉన్నాయి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోవచ్చు.

ఒకే హీరో చేతిలో రెండుసార్లు

మూడేళ్లకే, 1991లో, ‘డబుల్ ఇంపాక్ట్’లో బోలో మళ్లీ వాన్ డామ్‌కి ఎదురు నిలిచాడు. ఈసారి వాన్ డామ్‌లు ఇద్దరు, కవలలు. బోలో ఒక కంటికి మచ్చతో మూన్ అనే రౌడీ. ఫలితం చెప్పక్కర్లేదు. మిగతా ఓటములూ అంతే: ‘టైగర్ క్లాజ్’లో జలాల్ మెర్హీ, సింథియా రోత్‌రాక్; ‘బ్లడ్‌ఫైట్’లో యసుయాకి కురాటా. దేశాలు మారాయి, దర్శకులు మారారు, 1990ల వీడియో క్యాసెట్ల మార్కెట్లో అట్టమీద బోలో బొమ్మ ఉంటే సరుకు కదిలేది. మన వీడియో పార్లర్ల కుర్రాళ్లకి ఆయన ఇంటిపేరు, ఊరి పేరు తెలియవు. ‘బోలో గాడి సినిమా’ అంటే చాలు.

విలనీ నుంచి బయటపడ్డ సినిమాల్లో ఒకటి 1993 నాటి ‘షూట్‌ఫైటర్’. అందులో ఆయన గురువు, మంచివాడు, షింగో. శిష్యుడిగా విలియం జాబ్కా. ‘కరాటే కిడ్’లో ఏడిపించే కుర్రాడిగా పేరు పడ్డ అదే జాబ్కా. తెరమీద ఏళ్లకేళ్లు చెడ్డవాళ్లుగా తిరిగిన ఇద్దరినీ మంచివాళ్లని చేసిన సినిమా అది. కథ గొప్పదేం కాదు, నటనా అంతంతమాత్రమే. కానీ దాదాపు 47 ఏళ్ల వయసులో బోలో నవ్వడం, పిల్లలకి పాఠం చెప్పడం చూడాలంటే అదొక మంచి దారి. ‘ఎంటర్ ది డ్రాగన్’, ‘బ్లడ్‌స్పోర్ట్’ మీరు ఎలాగూ చూసే ఉంటారు. ఈసారి తీరిక దొరికితే ‘షూట్‌ఫైటర్’ పెట్టుకోండి.