కార్డుంది.. చీటీ ఏదీ?

బాగేపల్లి: బిడ్డను హిందూపురానికి ఇచ్చిన ఇళ్లు, కోడలిని మదనపల్లె నుంచి తెచ్చుకున్న ఇళ్లు బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో బోలెడు. పెళ్లిళ్లలో కలిస్తే వియ్యాలవారి మధ్య ఒకటే లెక్క.. మీ కార్డుకు ఎంత, మా కార్డుకు ఎంత?

ఆంధ్రలో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన పక్కనున్న అనంతపురం ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి రూ.25 లక్షలు చేశారు. 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారింది. కర్ణాటకలో 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటకలో బీపీఎల్ కుటుంబానికి రూ.5 లక్షలు. ఏపీఎల్ వారికైతే ప్యాకేజీ ధరలో 30 శాతమే. అదీ ఏడాదికి లక్షన్నర దాటదు. ఇరవై అయిదు విన్న చెవికి అయిదు ఆనదు. ఇక్కడా పెంచాలని అడగడం సహజమే.

కానీ అంకె పెద్దదైతే సరిపోతుందా? 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ఆంధ్రలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. అంతకు నెల ముందే అక్కడి మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీకి, ఆపైన ట్రస్టుకు అప్పగించే విధానానికి ఒప్పుకొంది. కర్ణాటకలో మధ్యలో కంపెనీ లేదు, సువర్ణ ఆరోగ్య సురక్షా ట్రస్టే ఆస్పత్రులకు కడుతుంది.

మనవాళ్లకు అసలు చిక్కు చీటీ దగ్గర. సర్కారు ఆస్పత్రిలో కాని చికిత్సకే ప్రైవేటుకు పంపుతారు. అందుకు రెఫరల్ చీటీ రాయాలి. ప్రాణం మీదికొచ్చిన కేసులకే మినహాయింపు. తాలూకా ఆస్పత్రి, చిక్కబళ్లాపురం, ఆపై బెంగళూరు.. రోగి వెంట ఇంకొకరు. ఇద్దరి కూలీ పాయె, బస్సు చార్జీ పాయె. పోయిన కూలి ఏ ప్యాకేజీలోనూ రాదు. పరిమితి పెంచమనే వారు ఈ తిరుగుడు తగ్గించమని కూడా అడగాలి కదా!

పోనీ, దగ్గరలోని హిందూపురంలో చూపించుకుందామంటే ఆంధ్ర కార్డు ఆంధ్రవాళ్లకే. వాళ్లకు 2019 నవంబరులో బెంగళూరు ఆస్పత్రుల తలుపులు కూడా తెరిచారు. మనవైపు నుంచి కేంద్ర జాబితాలో పేరున్న కుటుంబాలకే పొరుగు రాష్ట్రంలో చూపించుకునే వీలు. తమది ఏ జాబితానో జబ్బు రాకముందే అడిగి పెట్టుకోవడం మేలు.

పాల సంఘం సభ్యులకు ఇంకో దారి ఉంది. 2003లో నెలకు 5 రూపాయలతో మొదలైన యశస్విని 2018లో ఆగి, 2022-23లో మళ్లీ వచ్చింది. సభ్యత్వం సహకార సంఘం ద్వారానే. గడువు ఎప్పటిదాకా అన్నది సంఘం కార్యదర్శిని అడిగితే చెబుతారు.