మీగడతో పోయేదేమిటి, పొడిలో తిరిగి కలిపేదెంత?

వెన్న తీసిన పాల పొడి 100 గ్రాములు తూచి చూస్తే అందులో 36 గ్రాములు ప్రొటీన్, 52 గ్రాములు పాల చక్కెర అంటే లాక్టోజ్, 8 గ్రాముల దాకా ఖనిజ లవణాలు, 3 గ్రాముల తేమ ఉంటాయి. కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. శక్తి 362 కిలో కేలరీలు. కాల్షియం 1,257 మిల్లీగ్రాములు. మనం రోజూ వండుకునే కందిపప్పులో 100 గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఆ లెక్కన చూస్తే ఇంత చిక్కగా ప్రొటీన్, కాల్షియం దొరికే పదార్థాలు మన వంటింట్లో చాలా తక్కువ.

అయితే ఇదే పొడి గురించి మరో అంకె ఉంది. విటమిన్లేవీ కలపని మామూలు రకంలో 100 గ్రాములకు విటమిన్-ఎ 6 మైక్రోగ్రాములు. విటమిన్-ఎ, డి కలిపిన ఫోర్టిఫైడ్ రకంలో 653 మైక్రోగ్రాములు. రెండూ ఒకే తెల్లటి పొడి. చేత్తో పట్టుకున్నా, నాలుక మీద వేసుకున్నా తేడా తెలియదు. మధ్యలో ఉన్నది మాత్రం 100 రెట్లకు పైగా తేడా.

ఈ అంకెలన్నీ అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లోవి. ఫోర్టిఫైడ్ పొడికి అక్కడ చట్టమే కొలత కట్టింది. పొడిని నీళ్లలో కలిపి పాలుగా మార్చినప్పుడు ఒక క్వార్టుకు, అంటే 946 మిల్లీలీటర్లకు, విటమిన్-ఎ 2,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), విటమిన్-డి 400 ఐయూ ఉండాలి. మైక్రోగ్రాముల్లో చెప్పాలంటే ఎ 600, డి 10.

100 గ్రాముల పొడి ఒక్కసారే ఎవరూ తినరు కాబట్టి లెక్కను గ్లాసులోకి దించుదాం. 240 మిల్లీలీటర్ల గ్లాసుకు 23 గ్రాముల పొడి పడుతుంది. ఆ గ్లాసులో 83 కిలో కేలరీలు, 8.3 గ్రాముల ప్రొటీన్, 289 మిల్లీగ్రాముల కాల్షియం, 150 మైక్రోగ్రాముల విటమిన్-ఎ, 2.5 మైక్రోగ్రాముల విటమిన్-డి ఉంటాయి. బి12 దాదాపు 0.9 మైక్రోగ్రాములు. ఇది ఎవరూ కలిపింది కాదు, పాలలో సహజంగా ఉన్నదే. పెద్దవాళ్లకు రోజుకు కావలసినదానిలో మూడో వంతుకు పైనే. గుడ్డు, మాంసం ముట్టని ఇళ్లలో ఈ ఒక్క కారణానికే పాలకు పెద్ద పీట వేయవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సులను పక్కన పెట్టుకుని చూద్దాం. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలతో 29 శాతం వస్తుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు కావలసింది 550 మిల్లీగ్రాములు కాబట్టి వాళ్లకు సగానికి మించే అందుతుంది. ఆ వయసు పిల్లలకు విటమిన్-ఎ 510 మైక్రోగ్రాములు కావాలి, గ్లాసులో ఉన్నది అందులో 29 శాతం. ఆడవాళ్లకు 840 కావాలి, వాళ్లకు వచ్చేది 18 శాతం. విటమిన్-డి ఎవరికైనా ఆరో వంతే. మరి ఇనుము? స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఈ గ్లాసులో ఉన్నది 0.07. అంటే దాదాపు 400వ వంతు. పాలు ఎన్ని తాగినా ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత తగ్గదు. డబ్బా మీద ‘ఫోర్టిఫైడ్’ అని పెద్ద అక్షరాలు కనిపించగానే అన్నీ కలిపేశారనుకునేవాళ్లు చాలామంది. ఈ పొడిలో సాధారణంగా కలిపేవి ఎ, డి రెండే.

ఆ రెండే ఎందుకు కలుపుతారు? అవి కొవ్వులో కరిగే విటమిన్లు. పాలను సెపరేటర్‌లో వేసి గిర్రున తిప్పితే మీగడ ఒక గొట్టంలోంచి, వెన్న తీసిన పాలు మరో గొట్టంలోంచి వస్తాయి. ప్రొటీన్, కాల్షియం, బి విటమిన్లు నీటి భాగంలో ఉంటాయి కాబట్టి పాలలోనే మిగిలిపోతాయి. ఎ, డి మాత్రం మీగడ వెంట వెళ్లిపోతాయి. మిగిలిన పాలను వాక్యూమ్ కింద మరిగించి, సగం దాకా నీరు, సగం దాకా ఘన పదార్థం ఉండేలా చిక్కబరుస్తారు. ఆ చిక్కటి పాలను 180-200 డిగ్రీల వేడి గాలి నిండిన పెద్ద గదిలోకి సన్నటి తుంపరగా చిమ్ముతారు. తుంపర కింద పడేలోపు, సెకన్లలో, పొడి అవుతుంది. ఇలా కిలో పొడి కావాలంటే పది, పదకొండు లీటర్ల వెన్న తీసిన పాలు కావాలి. మీగడ వెంట పోయిన విటమిన్లను సాధారణంగా ఎండబెట్టడానికి ముందే పాలలో కలుపుతారు.

మీగడతో పోయినదాన్ని తిరిగి కలపకపోతే ఏమవుతుందో ప్రపంచానికి పసిపిల్లల కళ్లతో తెలిసింది. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెక్‌కాలమ్, మార్గరీట్ డేవిస్ అనే శాస్త్రవేత్తలు వెన్న కొవ్వులో ఎదుగుదలకు అవసరమైన పదార్థం ఒకటి ఉందని కనుగొన్నారు. అదే విటమిన్-ఎ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్ తన వెన్నను పెద్ద ఎత్తున విదేశాలకు అమ్ముకుంది. దేశంలోని పేద పిల్లలకు వెన్న తీసిన పాలు, మార్గరిన్ మిగిలాయి. కోపెన్‌హాగెన్‌లో కార్ల్ బ్లాక్ అనే పిల్లల వైద్యుడి దగ్గరకు కళ్లు పొడిబారి, నల్లగుడ్డు మెత్తబడి చూపు పోతున్న పిల్లలు వరసగా రాసాగారు. ఒక పిల్లల వసతి గృహంలో ఆయన గమనించిన విషయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. వెన్న తీయని పాలు తాగిన పిల్లల కళ్లు బాగానే ఉన్నాయి. అదే గృహంలో ఆ పాలు దొరకని పిల్లలకు జబ్బు వచ్చింది. కాడ్ లివర్ నూనె పట్టిస్తే కోలుకున్నారు. 1918లో జలాంతర్గాముల దిగ్బంధం వల్ల వెన్న ఎగుమతి ఆగి, దేశంలోనే రేషన్ మీద పంచడం మొదలుపెట్టాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

ఇంత తెలిసిన తర్వాత కూడా, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, మిగులు పాల పొడిని పేద దేశాలకు సాయంగా పంపినప్పుడు అందులో విటమిన్-ఎ కలపలేదు. బక్కచిక్కిన పిల్లవాడికి ఒక్కసారిగా మంచి ప్రొటీన్ అందితే ఒళ్లు పెరగడం మొదలవుతుంది. పెరిగే ఒంటికి విటమిన్-ఎ ఎక్కువ కావాలి. కాలేయంలో ఉన్న కాస్త నిల్వ కూడా అప్పుడు కరిగిపోతుంది. బాగుపడుతున్నాడనుకున్న బిడ్డకే చూపు పోయే ప్రమాదం అలా వస్తుంది. 1960ల మధ్యలో గానీ అమెరికా సాయం కింద పంపే పొడిలో విటమిన్-ఎ కలపడం మొదలు కాలేదు. ఆ ఆలస్యానికి సాంకేతిక కారణమంటూ ఏమీ కనిపించదు. కలపడం తెలుసు, ఖర్చూ తక్కువే. సాయమంటే బస్తాల బరువు అనుకోవడమే ఆ ఆలస్యానికి మూలం అని నేననుకుంటాను.

మన దేశంలో ఈ జబ్బు మీద పోరాటం హైదరాబాద్ నుంచే నడిచింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్-ఎ చుక్కలు పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది. మన అమ్మలు, అమ్మమ్మలు అంగన్‌వాడీలో, సబ్ సెంటర్‌లో చెంచాతో పోయించిన పసుపు రంగు మందు అదే. ఆ ఏడాదే ఆపరేషన్ ఫ్లడ్ కూడా మొదలైంది. మొదటి దశలో ఐరోపా దేశాలు 1,26,000 టన్నుల వెన్న తీసిన పాల పొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ ఉచితంగా ఇచ్చాయి. ఆ రెండింటినీ కలిపి పాలుగా మార్చి నగరాల్లో అమ్మారు. వచ్చిన డబ్బుతో పాల సంఘాలను పెంచారు. ఒకటి మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు చెబుతున్న రోజుల్లో, 1955లోనే గుజరాత్‌లోని ఆనంద్‌లో పాడి నిపుణుడు హెచ్.ఎం. దలాయా గేదె పాలను పొడి చేసి చూపించారు. మన రెండు రాష్ట్రాల్లో పాడి అంటే ముందుగా గేదే కాబట్టి ఆ విజయం మనకూ దక్కినట్టే.

‘మేం పాల పొడి వాడం’ అనే ఇంట్లోకి కూడా ఈ పొడి వస్తూనే ఉంటుంది. చలికాలంలో పాలు పొంగిపొర్లినప్పుడు డెయిరీలు పొడి చేసి దాచుకుంటాయి. ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు ఆ పొడినే నీళ్లలో కలిపి వాడుకుంటాయి. టోన్డ్ పాలు పుట్టిందే ఇలా. 1940లలో బొంబాయిలో పాడి నిపుణుడు డి.ఎన్. ఖురోడీ చిక్కటి గేదె పాలకు నీళ్లు, వెన్న తీసిన పాల పొడి చేర్చి, ఉన్న పాలనే ఎక్కువమందికి అందేలా చేశారు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. గేదె పాలలో వెన్న ఆరున్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి టోన్డ్ పాలకు వచ్చేసరికి సహజ విటమిన్-ఎ సగానికి పైగా తగ్గుతుంది. అందుకే 2018 నిబంధనల్లో భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఫోర్టిఫైడ్ పాలకు హద్దులు పెట్టింది. లీటరుకు విటమిన్-ఎ 270 నుంచి 450 మైక్రోగ్రాములు, విటమిన్-డి 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు. ప్యాకెట్ మీద +ఎఫ్ గుర్తు ఉంటే ఇవి కలిపారని అర్థం. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు లెక్కేస్తే ఎ 54 నుంచి 90, డి 1 నుంచి 1.5. రోజుకు కావలసిన 15 మైక్రోగ్రాముల విటమిన్-డిలో ఇది పదో వంతు మించదు. తక్కువే. కానీ రోజూ, అందరికీ, ఏ అదనపు శ్రమా లేకుండా అందే తక్కువ.

కొట్లో పాల పొడి అని అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది డెయిరీ వైట్‌నర్. టీ, కాఫీల కోసం తయారైనది. అందులో కలిపిన చక్కెరే 100 గ్రాములకు 18 గ్రాముల దాకా ఉండొచ్చు, ప్రొటీన్ 20 గ్రాముల దగ్గర ఉంటుంది. వెన్న తీయని పాల పొడి మరో రకం, అందులో కొవ్వు 26 శాతానికి తగ్గకూడదు. వెన్న తీసినదాంట్లో 1.5 శాతం మించకూడదు. ప్యాకెట్ వెనక కొవ్వు ఎంత, కలిపిన చక్కెర ఎంత, విటమిన్-ఎ ఎంత అని చూస్తే చేతిలో ఉన్నది ఏ రకమో తేలిపోతుంది. విటమిన్-ఎ వరుసే లేకపోతే అందులో అది కలపలేదనే అనుకోవాలి.

చెంచా లెక్క కూడా మోసం చేస్తుంది. 240 మిల్లీలీటర్ల కొలత కప్పు నిండా మామూలు పొడి పోస్తే 120 గ్రాములు తూగుతుంది. నీళ్లలో ఇట్టే కరిగే ఇన్‌స్టంట్ రకం పోస్తే 68 గ్రాములే. ఇన్‌స్టంట్ రకంలో రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గుల్లగా ఉంటాయి, మధ్యలో గాలి ఎక్కువ. కాబట్టి గ్లాసు పాలకు మామూలు పొడి మూడు పెద్ద చెంచాలు సరిపోతే, ఇన్‌స్టంట్‌ది అయిదున్నర చెంచాలు పడుతుంది. మూడు చెంచాలే వేసి ఊరుకుంటే పాలు తెల్లగానే కనిపిస్తాయి, ప్రొటీన్ మాత్రం 8 గ్రాములకు బదులు 4.5 గ్రాములే ఉంటుంది. వంటింట్లో చిన్న తూకం ఉంటే ఒకసారి తూచి, మీ చెంచాకు ఎన్ని గ్రాములు పడుతుందో డబ్బా మీద రాసి పెట్టుకోండి.

గాలి, వెలుతురు తగిలితే విటమిన్-ఎ దెబ్బతింటుంది. అందుకే గాజు సీసాలో పోసి కిటికీ పక్కన పెట్టకూడదు. తేమ తగిలితే లాక్టోజ్ నీటిని పీల్చుకుని పొడి ఉండలు కడుతుంది. తేమకు మన మే నెల వేడి తోడైతే పొడి పసుపు పచ్చగా, ఆపై గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఆ రంగు మార్పు వెనక జరిగేది, ప్రొటీన్‌లోని లైసిన్ లాక్టోజ్‌తో కలిసిపోయి ఒంటికి పనికిరాకుండా పోవడం. తృణధాన్యాల్లో తక్కువగా ఉండే అమైనో ఆమ్లం లైసినే. అన్నం ఎక్కువగా తినే మనకు పాల నుంచి అందే పెద్ద లాభం అదే కాబట్టి రంగు మారిన పొడి మీద మొహమాటం అక్కర్లేదు, పారేయాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లు గ్లాసులో 12 గ్రాముల లాక్టోజ్ ఉందని గుర్తుంచుకోవాలి. ఈ పాలను తోడు పెట్టి పెరుగుగా తింటే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది.

ఏడాది నిండని బిడ్డకు ఈ పొడి పనికిరాదు. తల్లిపాలలో ప్రొటీన్ 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము చుట్టూ ఉంటే, ఈ పాలలో దానికి మూడు రెట్లు మించి ఉంటుంది. లేత మూత్రపిండాలకు అది బరువు. పైగా పసిబిడ్డకు తప్పనిసరైన కొవ్వు ఇందులో లేదు. ఎదిగే పిల్లలకూ కేలరీలు తక్కువ కావడం గొప్పేమీ కాదు. అదే గ్లాసు గేదె పాలలో 260 కిలో కేలరీల దాకా ఉంటాయి. తీవ్ర పోషకాహార లోపంతో ఆసుపత్రిలో చేరిన పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఎఫ్-100 పాలను చూడండి. లీటరుకు వెన్న తీసిన పాల పొడి 80 గ్రాములు, చక్కెర 50 గ్రాములు, నూనె 60 గ్రాములు, ఆపై ఖనిజాలు, విటమిన్ల మిశ్రమం. లీటరుకు సుమారు 1,000 కిలో కేలరీలు వస్తే అందులో సగానికి పైగా నూనె నుంచే. చేరిన తొలి రోజుల్లో ఇచ్చే ఎఫ్-75లో పొడి 25 గ్రాములే. ఇవి వైద్యుల కళ్లెదుట ఇచ్చేవి, ఇంట్లో కలుపుకునేవి కావు.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఫోర్టిఫైడ్ పొడిలో విటమిన్-ఎ ఉన్నా, అది ఒంటికి పట్టాలంటే కడుపులో కాస్త కొవ్వు ఉండాలి. వెన్న తీసిన పాలు ఒక్కటే పరగడుపున తాగితే ఆ కొవ్వు దొరకదు. రాగి జావ దించాక కాస్త ఆరనిచ్చి, ఇన్‌స్టంట్ కాని ఫోర్టిఫైడ్ పొడిని రెండు పెద్ద చెంచాలు కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలిపి అందులో పోస్తే 5.4 గ్రాముల ప్రొటీన్, 190 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా చేరతాయి. దానికి అర చెంచా నెయ్యి వేయండి, లేదా పోపు పెట్టిన ఉప్మాతో, నూనె వేసి కాల్చిన దోసెతో పాటు ఇవ్వండి.