రంగు పోయిన నీరు శుద్ధి అయినట్లేనా?

తమిళనాడులోని తిరుప్పూరులో అద్దకపు నీరు నొయ్యల్ నదిని కలుషితం చేసిన కారణంగా, అక్కడి అద్దకపు యూనిట్లను మూసివేయవలసిందిగా 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. యూనిట్ మూతపడినా ఋణంపై వడ్డీ ఆగదు. కావున నూలు అద్దకానికి ఋణం తీసుకొనే ప్రతివారూ మురుగు నీటి శుద్ధిని కూడా పెట్టుబడిలో భాగంగానే భావించాలి. ఈ సందర్భంలో సూర్యకాంతితో పనిచేసే కాంతి ఉత్ప్రేరకాల గురించి మీరు తెలుసుకొనడం అవసరం.

వీటిలో ముఖ్యమైనది టైటానియం డైఆక్సైడ్. తెల్ల పెయింటులో కలిపే పొడి ఇదే. కాంతి సోకిన ఈ పదార్థం నీటిని విడగొట్టగలదని 1972లో జపాను శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రకటించారు. దీనిపై అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు ఎలక్ట్రాన్లు తమ స్థానాలను వదలిపోతాయి. ఆ ఖాళీలు నీటితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాలను పుట్టిస్తాయి. ఇవి రంగుల అణువులను క్రమంగా ఛేదిస్తాయి. చర్య పూర్తయితే మిగిలేవి ప్రధానంగా కార్బన్ డైఆక్సైడ్, నీరు, కొన్ని లవణాలు మాత్రమే.

అయితే ఇందులో మూడు లోపాలున్నాయి. సూర్యకాంతిలో అతినీలలోహిత కిరణాలు సుమారు 5 శాతం మాత్రమే. ఈ లోపాన్ని సవరించుటకు నైట్రోజన్‌ను చేర్చి, మామూలు వెలుగులో కూడా పనిచేసే రకాలను రూపొందించారు. రెండవది, వేరుపడిన ఎలక్ట్రాన్లు వెంటనే తిరిగి ఖాళీలలో చేరి శక్తి వృథా అవుతుంది. వెండి వంటి లోహపు నలుసులను పొడిపై నిలిపితే అవి ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతాయి. మూడవది, శుద్ధి తరువాత నీటి నుండి సన్నని పొడిని వేరుచేయడం కష్టం. అందుకే దానిని గాజు పలకలపైనో, పూసలపైనో పూతగా వేస్తున్నారు. కాని అప్పుడు నీటికి తగిలే ఉపరితలం తగ్గి, పని నెమ్మదిస్తుంది.

ఇక అసలు విషయం. రంగు పోవడం వేరు, కాలుష్యం పోవడం వేరు. రంగు అణువులో ఒక బంధం తెగినా రంగు మాయమవుతుంది. మిగిలిన ముక్కలు నీటిలోనే ఉంటాయి. వాటిలో కొన్ని హానికరమైనవి కూడా కావచ్చు. అంతేకాక అద్దకంలో వాడిన ఉప్పు ఈ పద్ధతిలో తొలగదు. పైగా అది రాడికల్స్‌ను హరించి చర్యను మందగింపజేస్తుంది. నీరు చిక్కని రంగులో ఉంటే కాంతి లోపలికి చొరబడదు. అందుచేత ఈ పద్ధతి తేర్చడం, వడపోత వంటివి జరిగిన తరువాత తుదిమెట్టుగా ఉపయోగపడుతుందే గాని, అన్నిటికీ ప్రత్యామ్నాయం కాదు.

పరికరం కొనుటకు ఋణానికి దరఖాస్తు చేయబోయే ముందు విక్రేతను ఈ ప్రశ్నలు అడగండి:

1. పరీక్ష జరిపినది మా అద్దకపు నీటితోనా, ప్రయోగశాలలో కలిపిన రంగు నీటితోనా?

2. రంగు తగ్గుదలతో పాటు రసాయనిక ఆక్సిజన్ అవసరం, మొత్తం సేంద్రియ కార్బన్ ఎంత తగ్గాయి?

3. ఎండ లేని రోజులలో ఎట్లా? దీపాలైతే విద్యుత్ ఖర్చెంత?

4. ఉత్ప్రేరకపు పూత ఎన్ని నెలలు నిలుస్తుంది? మార్చుటకు వ్యయమెంత?

5. మిగిలిన ఉప్పు నీటిని ఏమి చేయాలి?

ఈ ఐదింటికీ వ్రాతపూర్వకంగా సమాధానం తీసుకొని, దానిని ప్రాజెక్టు నివేదికకు జతపరచండి. గాజు గ్లాసులోని తేట నీటిని చూసి గాక, ప్రయోగశాల నివేదికలోని అంకెలను చూసి నిర్ణయం తీసుకొనడమే మీకూ, మీ ఊరి చెరువుకూ క్షేమం.