అయో కడుపుల వేడి ఎక్కడికెల్లి వస్తున్నది?

గురుగ్రహం చుట్టు తిరిగే చందమామలల్ల ‘అయో’ ఒకటి. మన చందమామ కంటె జర పెద్దది. సూర్యునికి మనకంటె ఐదంతల దూరంల ఉంటది. పైన నేల సున్నాకు కింద 130 డిగ్రీల చలి. అయినా దాని మీద 400 దాకా అగ్నిపర్వతాలు రగులుతున్నయి. ఎండ లేదు, కట్టె లేదు. మరి గంత వేడి ఎక్కడిది?

ఒక బైండింగ్ వైరు తీసుకొని ఒక్క కాడనే అటూ ఇటూ జల్దిజల్ది వంచి చూడుండ్రి. వంచిన కాడ చుర్రుమంటది. నిప్పు పెట్టలే. మీ చేతి బలమే వైరు లోపల వేడిగ మారింది. అయోకు అయితున్నది గిదే. వంచే చెయ్యి గురుడిది.

గురుడు భూమికి 318 రెట్ల బరువు. అయో దాని చుట్టు 42 గంటలన్నరకు ఒక సుట్టు తిరుగుతది. ఆ తొవ్వ నిండు గుండ్రంగ ఉంటే ఒక్క తీరుగ సాగి అట్లనే ఉండిపోవు. కానీ పక్కనున్న యూరోపా, గానిమీడ్ ఉండనిస్తలేవు. గానిమీడ్ ఒక్క సుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో నాలుగు తిరుగుతయి. మళ్ల మళ్ల అదే లెక్కల గుంజుడుతోని అయో తొవ్వ జరంత కోలగ అయింది. గురునికి దగ్గరికొస్తే ఎక్కువ సాగుతది, దూరం పోతే సడలుతది. రాతి గోళం రెండు రోజులు కాకముందే ఒక్కసారి నలిగి మళ్ల సర్దుకుంటది.

ఈ సంగతి ముందుగల లెక్కల తేలింది. 1979 మార్చి 2న స్టాంటన్ పీల్, ఇంకో ఇద్దరు కలిసి అయో లోపల కరిగి ఉండాలె అని అచ్చేసిండ్రు. మూడు రోజులకే వాయేజర్-1 అయో పక్కపొంటి పోయింది. అది వెనక్కి తిరిగి తీసిన ఫొటోల లిండా మొరబిటో అగ్నిపర్వతం ఎగజిమ్మిన పొగను పట్టింది.

అయితె లోపలంతా లావా సముద్రమేనా? మస్తు మంది అట్లనే అనుకున్నరు. సముద్రం ఉంటే అయో మెత్తగ సాగాలె. 2023 డిసెంబరుల, 2024 ఫిబ్రవరిల జూనో నౌక 1,500 కిలోమీటర్ల దగ్గరికి పోయి, అయో గుంజుడుకు తన వేగం ఎంత మారిందో చూపింది. ఆ లెక్క ప్రకారం అయో అంత మెత్తగ లేదు. పైపొర కింద గోళమంతా పరుచుకున్న సముద్రం లేదని 2024 డిసెంబరుల చెప్పిండ్రు.

సముద్రం లేకుంటే లావా ఎట్ల? వాగుల చెలిమె తోడినోళ్లకు ఇది ఎరుకే. ఇసుక కింద చెరువేం ఉండదు. రవ్వల సందుల్ల తడి ఉంటది, గుంత తీస్తే ఊరుతది. రాయి కూడ గంతే. అండ్ల చాన ఖనిజాలుంటయి. కొన్ని ముందుగల కరుగుతయి, కొన్ని గట్టిగనే ఉంటయి. కరిగింది సందుల్ల చేరుతది, తేలిక కాబట్టి పగులు దొరికిన కాడ పైకి తన్నుకొస్తది.

నేను ఈ ముచ్చట చెప్పేది వింత కోసం కాదు. గిదే నలుపుడు, జర తక్కువ జోరుతోని, యూరోపా మీద కూడ నడుస్తున్నది. అక్కడ మంచు కింద నీళ్ల సముద్రం గడ్డకట్టకుండ ఉన్నదంటే ఈ వేడి వల్లనే. జీవం ఉండాలంటే సూర్యుడు దగ్గరుండాలె అనే మాటను అయో మళ్ల ఆలోచించుమంటున్నది.