పావు మైలు పరుగు: ఒక పాత కారు నేర్పే భౌతికశాస్త్రం



మనలో చాలామంది ఇళ్లలో ఒక పాత బండి ఉంటుంది. నాన్నగారికి బదిలీ అయిన ప్రతిసారీ అది రైల్లోనో లారీలోనో మనతోపాటు ఊరు మారుతుంది. రాష్ట్రం మారితే ఎన్‌ఓసీ, మళ్లీ రిజిస్ట్రేషను, కొత్త నంబరు ప్లేటు. "అమ్మేసి కొత్తది కొనచ్చు కదా!" అని బంధువులు అంటూనే ఉంటారు. నాన్నగారు వింటూనే ఉంటారు, బండి మాత్రం అమ్మరు.

అమెరికాలో పాత కార్ల మీద ఇలాంటి ప్రేమే ఒక పెద్ద క్రీడగా మారింది. అరవై ఏళ్లనాటి కార్లను బాగుచేసుకుని, బలం పెంచుకుని, తిన్నని ట్రాక్ మీద పావు మైలు పరుగెత్తిస్తారు. ఆ కార్లను మజిల్ కార్లు అనీ, ఆ పందేన్ని డ్రాగ్ రేసు అనీ అంటారు. పరుగు ముగియడానికి పద్నాలుగు సెకన్లు కూడా పట్టకపోవచ్చు. కానీ ఆ కొద్ది సెకన్లలో మన తొమ్మిదో తరగతి, పదకొండో తరగతి భౌతికశాస్త్ర పాఠాలు చాలావరకు కనిపిస్తాయి.

మజిల్ కారు అంటే ఏమిటి?

మజిల్ అంటే కండ. మధ్యరకం సైజున్న మామూలు కుటుంబ కారులో పెద్ద కారుకు పెట్టే భారీ ఇంజన్ను బిగిస్తే అది మజిల్ కారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి మొదలైందని ఎక్కువమంది అంటారు. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు, అంటే సుమారు 5.4 లీటర్లకు మించిన ఇంజన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ కంపెనీలో ఒక నియమం ఉండేది. జాన్ డెలోరియన్‌తో పాటు కొందరు పాంటియాక్ ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. కొత్త కారు అని చెప్పకుండా, ఉన్న కారుకే "అదనపు సదుపాయం" పేరుతో 389 ఘనపు అంగుళాల ఇంజన్ను, అంటే సుమారు 6.4 లీటర్ల ఇంజన్ను అమ్మకానికి పెట్టారు. దాని బలం 325 హార్స్ పవర్. మన అంబాసిడర్‌లో ఉన్న 1.5 లీటర్ల పెట్రోలు ఇంజన్ బలం సుమారు 50 హార్స్ పవర్ అని గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది.

ఇక కంపెనీల మధ్య పోటీ పెరిగింది. 1970 నాటి షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ కారుకు 7.4 లీటర్ల ఇంజన్తో 450 హార్స్ పవర్ ఉందని ప్రకటించారు. ఆ తర్వాత బీమా ఖర్చులు పెరిగాయి, గాలి కాలుష్యంపై 1970లో కఠినమైన చట్టం వచ్చింది, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. మజిల్ కార్ల కాలం పదేళ్లకే ముగిసింది. మిగిలిన కార్లను ఇప్పుడు వాటి యజమానులు కాపాడుకుంటున్నారు.

పాత కారును కాపాడటం

పాత కారుకు మొదటి చిక్కు పెట్రోలుతోనే. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంజన్ "నాక్" కొట్టకుండా అది ఆపేది. అంతేకాక వాల్వులు కూర్చునే చోట పలచని పొరలా చేరి అరుగుదలను తగ్గించేది. కానీ సీసం విషం. ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుకే దాన్ని తీసేశారు. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి అంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇంజన్ను విప్పినప్పుడు మెకానిక్కులు వాల్వుల కింద గట్టి లోహపు సీట్లు బిగిస్తారు. అప్పుడు సీసం అవసరం ఉండదు.

రెండో చిక్కు ఇథనాల్. ఇది పాతకాలపు రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పైపులన్నీ కొత్తరకం రబ్బరువి వేయించుకోవాలి. నెలల తరబడి బండి ఆపి ఉంచాల్సివస్తే కార్బ్యురేటర్లో పెట్రోలు మిగలకుండా చూడాలి. మన ఇళ్లలోని పాత స్కూటర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మూడోది ఇంజన్ ఆయిల్. ఆ కాలపు ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు నేరుగా ట్యాపెట్‌ను రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్లో జింక్ సమ్మేళనం తగినంత ఉండాలి. నేటి కార్ల ఆయిళ్లలో అది తక్కువ. అందుకని పాత ఇంజన్ల కోసమే తయారైన ఆయిల్ వాడతారు.

నాలుగోది పాయింట్లు. పాత కార్లలో ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది చిన్న స్విచ్ లాంటి పాయింట్ల జత. ఒక లెక్క చూద్దాం. ఎనిమిది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ప్రతి చుట్టుకూ నాలుగు రవ్వలు కావాలి. ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే నిమిషానికి 24,000 రవ్వలు, అంటే సెకనుకు 400! పాయింట్లు సెకనుకు 400 సార్లు తెరుచుకుని మూసుకోవాలన్నమాట. అవి త్వరగా అరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. చాలామంది వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటారు.

ఇవి కాక తుప్పు ఉండనే ఉంది. ముందు అద్దం అంచుల్లో, చక్రాల పైభాగంలో, కాళ్ల కింది రేకులో నీరు నిలిచి లోపలి నుంచే తినేస్తుంది. వాడినందుకు పాడైన పాత బండ్ల కంటే వాడక పాడైనవే ఎక్కువ అని మెకానిక్కులు అనడం మీరూ వినే ఉంటారు.

బలం పెంచే ముందు బ్రేకు

కారు బలం పెంచాలంటే అందరికీ ముందుగా ఇంజనే గుర్తుకొస్తుంది. తెలివైన మెకానిక్ మాత్రం బ్రేకుతో మొదలుపెడతాడు. మజిల్ కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉండేవి. వేగంగా వెళ్తూ ఒకటి రెండుసార్లు గట్టిగా నొక్కితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. అందుకే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేస్తారు.

తర్వాత ఇంజన్. ఇంజన్ను ఒక గాలి పంపులా ఊహించుకోండి. ఎక్కువ గాలి లోపలికి వచ్చి, దానికి తగ్గ పెట్రోలు కలిసి, కాలిన పొగ అడ్డంకి లేకుండా బయటికి పోతే బలం పెరుగుతుంది. పెద్ద కార్బ్యురేటర్, వెడల్పైన మానిఫోల్డ్, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్, ఒక్కో సిలిండరుకు ఒక్కో పైపు ఉండే హెడర్లు: ఇవన్నీ చేసే పని అదే. అయితే ఏదీ ఉచితంగా రాదు. పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేస్తే ఎక్కువ చుట్ల దగ్గర బలం వస్తుంది కానీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజన్ వణుకుతుంది, పెట్రోలు తాగేస్తుంది.

మూడోది గేరు నిష్పత్తి. వెనక ఇరుసులో 3.08 నిష్పత్తి పళ్లచక్రాల బదులు 4.10 వేస్తే చక్రం దగ్గర తోపుడు బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కానీ అదే వేగానికి ఇంజన్ కూడా మూడో వంతు ఎక్కువ తిరగాలి. సైకిలు గేర్లు మార్చినప్పుడు మన కాళ్లకు తెలిసేది ఇదే.

చివరికి అంతా ఆగేది టైరు దగ్గర. టైరుకు నేలతో ఘర్షణ ఎంత ఉందో అంతకు మించి కారును ముందుకు తోయలేం. ఘర్షణ బలం టైరు మీద పడే బరువును బట్టి ఉంటుంది. కారు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. మజిల్ కారును నడిపేవి వెనక చక్రాలే కాబట్టి ఇది మేలే. అందుకే ముందు భాగం సులువుగా పైకి లేచేలా షాక్ అబ్జార్బర్లు అమరుస్తారు. పరుగుకు ముందు వెనక చక్రాలను ఉన్నచోటే తిప్పి పొగ లేపడం కూడా ప్రదర్శన కోసం కాదు. రబ్బరు వేడెక్కి నేలను బాగా పట్టుకోవడానికి.

పందెం ఎలా జరుగుతుంది?

రెండు కార్లు పక్కపక్కన నిలుస్తాయి. ఎదురుగా క్రిస్మస్ ట్రీ అనే దీపాల స్తంభం ఉంటుంది. దీన్ని 1963లో ప్రవేశపెట్టారు. పసుపు దీపాలు అరసెకను తేడాతో ఒక్కొక్కటిగా వెలుగుతాయి, ఆపైన పచ్చ దీపం. ముందే కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది, పందెం పోతుంది. గమ్యం 1320 అడుగుల దూరంలో ఉంటుంది. అంటే సుమారు 402 మీటర్లు.

మామూలు మనుషులు తమ సొంత కార్లతో పోటీపడేందుకు ఒక చక్కని పద్ధతి ఉంది. ప్రతి డ్రైవరూ తన కారు ఎంత సమయం తీసుకుంటుందో ముందే చెప్పాలి. ఒకరు 14.00 సెకన్లు అనీ, మరొకరు 11.50 అనీ చెప్పారనుకోండి. నెమ్మది కారుకు 2.50 సెకన్లు ముందే పచ్చదీపం వెలుగుతుంది. అంటే ఇద్దరూ చెప్పిన మాట ప్రకారం నడిపితే గమ్యం దగ్గర కలుస్తారు. మరి కావాలనే ఎక్కువ సమయం చెప్పి మోసం చేస్తే? దానికీ మందు ఉంది. చెప్పిన సమయం కంటే వేగంగా, ఉదాహరణకు 13.98 సెకన్లలో చేరితే సాధారణంగా ఓడినట్టే. కాబట్టి ఇక్కడ గెలిచేది అందరికంటే వేగమైన కారు కాదు. తన కారును బాగా తెలుసుకున్న మనిషి.

ఈ ఆటలో అమ్మాయిలకు చోటు ఉందా అని అడిగేవారికి షర్లీ మల్డౌనీ పేరు చెప్పండి. మొదట్లో ఆమెకు లైసెన్సు దక్కడమే కష్టమైంది. అటువంటి ఆమె 1977, 1980, 1982 సంవత్సరాల్లో అత్యంత వేగవంతమైన టాప్ ఫ్యూయెల్ విభాగంలో జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది.

చీటీలో దాగిన పాఠం

పరుగు అయ్యాక డ్రైవరు చేతికి ఒక చీటీ ఇస్తారు. అందులో 60 అడుగులు, 660 అడుగులు, 1320 అడుగుల దగ్గర సమయాలు, వేగాలు ఉంటాయి. ఒక మంచి మజిల్ కారు చీటీ ఇలా ఉందనుకుందాం: 60 అడుగులకు 2.1 సెకన్లు, 660 అడుగులకు 9.0 సెకన్లు, వేగం గంటకు 128 కి.మీ.; 1320 అడుగులకు 14.0 సెకన్లు, వేగం గంటకు 160 కి.మీ.

మొదటి సగం 201 మీటర్లకు 9 సెకన్లు పట్టింది, రెండో సగానికి 5 సెకన్లే. ఇప్పుడు త్వరణం చూడండి. మొదటి 18.3 మీటర్లకు "దూరం = ½ × త్వరణం × కాలం వర్గం" సూత్రం వేస్తే దాదాపు 8 మీ/సె² వస్తుంది (గడియారం మొదలయ్యేసరికి కారు కాస్త కదిలి ఉంటుంది కనుక నిజానికి కొంచెం తక్కువ). రెండో సగంలో వేగం సెకనుకు 35.6 మీటర్ల నుంచి 44.4 మీటర్లకు పెరగడానికి 5 సెకన్లు పట్టింది. అంటే త్వరణం సుమారు 1.8 మాత్రమే! ఇంజన్ అదే, కారు అదే. ఎందుకీ తేడా?

సామర్థ్యం = బలం × వేగం. ఇంజన్ ఇచ్చే సామర్థ్యానికి ఒక హద్దు ఉంది. వేగం పెరిగేకొద్దీ అదే సామర్థ్యంతో దొరికే తోపుడు బలం తగ్గుతుంది. పైగా గాలి నిరోధం పెరుగుతుంది. అందుకే మొదటి 60 అడుగుల్లో మిగుల్చుకున్న పదోవంతు సెకను మీద డ్రైవర్లకు అంత ఆశ.

రోడ్డు మీద ఎందుకు వద్దు?

ఈ క్రీడ చరిత్రే దీనికి జవాబు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు 1930లలో ఎండిన సరస్సుల్లో కార్లు పరుగెత్తించేవారు. తర్వాత పందేలు వీధుల్లోకి వచ్చాయి, ప్రమాదాలూ వచ్చాయి. 1950లో శాంటా ఆనాలో ఒక విమానాశ్రయపు రన్‌వే మీద పందేలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ జాతీయ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏను స్థాపించాడు. కుర్రాళ్లను వీధుల నుంచి ట్రాక్ మీదికి తేవడం, భద్రతా నియమాలు పెట్టడం దాని లక్ష్యం. ఇంత జాగ్రత్త ఉన్నా ప్రమాదం పూర్తిగా పోలేదు. 2008లో ప్రముఖ డ్రైవరు స్కాట్ కలిటా మరణించాక, అత్యంత వేగవంతమైన విభాగాలకు దూరాన్ని 1000 అడుగులకు తగ్గించారు. ఆగడానికి చోటు పెంచాలని.

ఆ చోటు ఎంత కావాలో మనమే లెక్క కట్టవచ్చు. బ్రేకు సెకనుకు 6 మీ/సె చొప్పున వేగం తగ్గిస్తుందనీ, కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను పడుతుందనీ అనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగంలో ఆగడానికి సుమారు 63 మీటర్లు కావాలి. 160 కి.మీ. వేగంలో సుమారు 209 మీటర్లు! వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది మరి. మన క్వార్టర్స్ రోడ్డులో 209 మీటర్ల ఖాళీ ఎక్కడుంది? బంతి కోసం పరుగెత్తే చిన్నపిల్లలు, పాలప్యాకెట్టుకు వెళ్లే తాతగారు, కుక్కపిల్ల, అన్నీ అక్కడే ఉంటాయి.

మన మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు వేయడం నేరం. 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అలాగని ఆసక్తి ఉన్నవారికి దారి లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో బైకులకు డ్రాగ్ రేసులు నియమబద్ధంగా జరుగుతున్నాయి.

మీరూ చేసి చూడండి

కారు లేకుండానే ఈ ప్రయోగం చేయవచ్చు. పాఠశాల మైదానంలో పీఈటీ సారు అనుమతితో 10, 20, 30, 40 మీటర్ల దగ్గర సున్నంతో గీతలు గీయండి. ప్రతి గీత దగ్గర ఒక మిత్రుడు స్టాప్‌వాచ్‌తో నిలబడాలి. ఒకరు పరుగెత్తాలి. సమయాలు పట్టికలో రాసి, కాలం–దూరం గ్రాఫు గీయండి. మొదటి పది మీటర్లకూ చివరి పది మీటర్లకూ తేడా చూడండి. ఆ కాగితమే మీ చీటీ.

సెలవుల్లో ఇంట్లోని పాత బండికి ప్లగ్గు శుభ్రం చేసేటప్పుడు నాన్నగారి పక్కన కూర్చోండి. పానా అందించండి, ప్రశ్నలు అడగండి. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి దాని వేగం మీద మోజుతో పాటు గౌరవం కూడా కలుగుతుంది.