మీటరు మీద అనుమానం వస్తే ముందు కరెంటు చూడండి

పొద్దున యాంటెన్నా ఎనలైజర్‌లో 1.3 చూపించిన ఎస్‌డబ్ల్యూఆర్ రాత్రి ఏడింటికి 2.2 చూపిస్తే చాలామంది హామ్ మిత్రులు మేడెక్కి తీగ కత్తిరించడం మొదలుపెడతారు. యాంటెన్నా పొద్దున్నుంచి అదే తీగ, అదే ఎత్తు. ఈలోగా మారడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ప్లగ్గులోకి వచ్చే కరెంటు. కొనుగోలు కేంద్రంలో కాంటా తేడాగా ఉంటే వడ్ల బస్తాను తప్పుపట్టి లాభం లేదు. కొలిచే పరికరానికి సరైన వోల్టేజీ అందుతోందో లేదో తేల్చుకోకుండా దాని అంకెను నమ్మి యాంటెన్నాను, రేడియోను విప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ మాట మరీ అవసరం. ఎందుకో చెప్పేముందు మన రేడియోల విలువ ఒకసారి గుర్తుచేస్తాను. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేనాటికి ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లోనే ఉంది. మిగతా సమాచార మార్గాలు తెగిపోయినచోట వాళ్ల రేడియోలు కబుర్లు చేరవేశాయి. అలాంటి రోజున పనికిరావాల్సిన స్టేషన్‌ను సిద్ధంగా ఉంచేది మన బల్లమీది చిన్నచిన్న పరికరాలే: ఫ్రీక్వెన్సీ కౌంటర్, సిగ్నల్ జనరేటర్, పాత ఆసిలోస్కోప్, ఎనలైజర్, ఈమధ్య అరచేతిలో ఇమిడే నానోవీఎన్ఏ.

ఇక ఇక్కడి కరెంటు సంగతి. సిరిసిల్లలో సరఫరా చేసేది సహకార సంఘం. ‘సెస్’ అని అందరూ పిలిచే ఈ సంఘం 1970లో, దేశంలో తొలి విడతగా మొదలైన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటిగా పుట్టింది. జగిత్యాల, కోరుట్లలకు ఉత్తర తెలంగాణ పంపిణీ సంస్థ నుంచి వస్తుంది. సరఫరా ఎవరిదైనా తీగల ధర్మం ఒక్కటే. సిరిసిల్లలో వీధివీధినా సాంచాలు (మరమగ్గాలు) నడుస్తాయి. జగిత్యాల పల్లెల్లో నాట్ల కాలంలో బావుల దగ్గర, బోర్ల దగ్గర మోటార్లు ఒక్కసారిగా లేస్తాయి. ఇండక్షన్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇంటికి ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సినచోట 180 చూడటం లైను చివరి ఇళ్లవాళ్లకు కొత్త కాదు.

ఫ్యాను నెమ్మదిస్తే కంటికి కనిపిస్తుంది. టెస్ట్ పరికరం మాత్రం ఆగిపోదు, అంకెలు చూపిస్తూనే ఉంటుంది. ఎందుకు తప్పుతుందో కాస్త లెక్క వేసి చూద్దాం. ఓపికగా చదవండి, ఈ లెక్క ఒకసారి వంటపడితే సగం రిపేర్లు అర్థమవుతాయి.

లోపల 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ కండెన్సర్, ఆపైన 7812 రెగ్యులేటర్ ఉన్నాయనుకుందాం. పాత కౌంటర్లు, సిగ్నల్ జనరేటర్లు చాలావాటిలో ఇదే అమరిక. 15 వోల్టుల ఏసీ శిఖరం 21.2. డయోడ్లలో 1.4 పోగా కండెన్సర్ మీద 19.8 వోల్టులు. పరికరం అర ఆంపియర్ తీసుకుంటుంటే కండెన్సర్ నిండటానికీ మళ్లీ నిండటానికీ మధ్య సుమారు 2.3 వోల్టులు తగ్గుతుంది. దీన్నే రిపుల్ అంటాం. అంటే అట్టడుగున 17.5 ఉంటుంది. 7812 సరిగ్గా 12 ఇవ్వాలంటే దానికి 14.5 దాకా కావాలి. అంతకన్నా మూడు వోల్టులు ఎక్కువే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు లైను 180కి పడింది. 15 కాస్తా 11.7 అవుతుంది. శిఖరం 16.6, డయోడ్లు పోగా 15.2, రిపుల్ పోగా 12.9. రెగ్యులేటర్ తన పని చేయలేక 12కి బదులు సెకనుకు వందసార్లు పది, పదకొండు వోల్టులకు జారుతుంది. ఆ జారుడంతా ఆసిలేటర్‌లోకి వెళ్లి ఫ్రీక్వెన్సీని ఊపుతుంది, సిగ్నల్ బలాన్ని తగ్గిస్తుంది. కౌంటర్లలోని పాత 74 రకం ఐసీలు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్యే మాట మీద నిలబడతాయి. అంతకన్నా తగ్గితే చివరి అంకెలు ఎగరడం, లెక్క తప్పడం మొదలవుతుంది.

అదే పరికరంలో కండెన్సర్ ఎండిపోయి 1000 మైక్రోఫారడ్‌కు దిగిందనుకోండి. రిపుల్ ఐదు వోల్టులవుతుంది. 230 ఉన్నంతసేపు అట్టడుగున 14.8 ఉండి ఎలాగో నెట్టుకొస్తుంది. పగలంతా బాగుండి రాత్రి లో వోల్టేజీలో తప్పు చూపించే పరికరం వెనక సాధారణంగా ఎండిన కండెన్సర్, పడిన లైను రెండూ కలిసి ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుంది. జగిత్యాల జిల్లాలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద, పెట్టె లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. పాత పరికరం కొన్నప్పుడు కండెన్సర్లు మార్చడం ఖర్చు కాదని, అది కొనుగోలులో భాగమేనని నేనంటాను.

ఇన్వర్టర్ దగ్గర మరో చిక్కు ఉంది. చవకైన స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ 230 వోల్టులు ఇస్తున్నా దాని శిఖరం కూడా 230 దగ్గరే. లైను కరెంటుకు శిఖరం 325. పైన చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ గుండా వస్తే కండెన్సర్ మీద 19.8కి బదులు 13.6 మాత్రమే ఉంటుంది. 7812కి అది చాలదు. పైగా మామూలు మల్టీమీటర్ స్క్వేర్ వేవ్‌ను పదకొండు శాతం ఎక్కువగా చూపిస్తుంది. మీటరు 230 అంటుంటే నిజంగా ఉన్నది 207. అందుకే ‘ఇన్వర్టర్‌లో వోల్టేజీ ఫుల్లుగానే ఉంది, అయినా కౌంటర్ పిచ్చిగా ప్రవర్తిస్తోంది’ అనే ఫిర్యాదు వింటాం. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ తిప్పలు ఉండవు.

దుబాయి, సౌదీల నుంచి తెచ్చిన సామాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వాడ ఈ మూడు పట్టణాల్లో దొరకడం కష్టం. సౌదీలో చాలాకాలం ఇళ్లకు 127 వోల్టులు ఇచ్చారు, ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. అక్కడ కొన్న పవర్ సప్లై వెనక 110–127 అని రాసి ఉంటే నేరుగా ప్లగ్గులో పెట్టకండి, స్విచ్ ఉంటే 220 వైపు తిప్పాకే పెట్టండి. 60 హెర్ట్జ్ కోసమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద అదే వోల్టేజీకి ఎక్కువ వేడెక్కుతుంది. దుబాయి సామానుకు వోల్టేజీ ఇబ్బంది లేదు. కానీ దాని మూడు చదరపు పిన్నుల ప్లగ్గుకు మనవాళ్లు తగిలించే చవక కన్వర్టర్ చాలాసార్లు ఎర్త్‌ను కలపదు. దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను.

ఇప్పుడు మరమ్మతు క్రమం. మొదటి పరీక్షకు స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. 12 వోల్టుల డీసీతో నడిచే పరికరమైతే అడాప్టర్ తీసేసి చార్జయి ఉన్న బ్యాటరీకి కలపండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. డీసీ పిన్ను లోపల 2.1, 2.5 మిల్లీమీటర్ల రకాలు రెండున్నాయి, 2.1 పిన్నుకు 2.5 ప్లగ్గు పెడితే వదులుగా ఉండి కదిలినప్పుడల్లా ఆరిపోతుంది. బ్యాటరీ మీద అంకెలు కుదురుకుంటే లోపం పరికరంలో లేదు, అడాప్టర్‌లోనో లైనులోనో ఉంది. ఎనలైజర్‌లోనూ రిసీవర్‌లోనూ వినిపించే బరబర శబ్దం బ్యాటరీ మీద పోతే ఆ గోల అడాప్టర్‌దే.

ఏసీతో నడిచే పెట్టె అయితే సిరీస్ బోర్డు తీయండి. టీవీ మెకానిక్ దుకాణాల్లో గోడకు కనిపించేదే ఇది. వంద వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజ్ తీగలో వరుసగా పెడతారు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే లోపల షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూ ఉంటే షార్ట్ ఉంది, అప్పుడు ఫ్యూజు మార్చి నేరుగా ప్లగ్గులో పెట్టడం ప్రమాదం. అసలు వెలగకపోతే ఫ్యూజో, స్విచ్చో, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీయో తెగి ఉంటుంది. స్విచ్చింగ్ రకం పవర్ సప్లై అయితే బల్బుతో కలిసి ఆగుతూ వెలుగుతూ తడబడవచ్చు, దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.

తర్వాత మల్టీమీటర్. పరికరాన్ని ఆన్‌లో ఉంచి, లోడ్ మీదే కొలవండి. లోడ్ లేకుండా చచ్చిన అడాప్టర్ కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. ముందు గోడ సాకెట్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, ఆపైన బ్రిడ్జి తర్వాతి డీసీ, చివరికి రెగ్యులేటర్ ముందు, వెనక. ఎక్కడిదాకా సరిగ్గా ఉండి ఎక్కడ పడిపోయిందో అక్కడే లోపం. మీటరును ఏసీ రేంజిలో పెట్టి కండెన్సర్ మీద కొలిస్తే రిపుల్ అందాజుగా తెలుస్తుంది. కొన్ని చౌక మీటర్లు డీసీని కూడా కలిపి చూపిస్తాయి, ప్రోబ్‌కు వరుసగా 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే ఆ పొరపాటు పోతుంది. ఆసిలోస్కోప్ ఉంటే ఇంకా మంచిది: రిపుల్ 100 హెర్ట్జ్ ఉండాలి, 50 కనిపిస్తే బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగినట్టే. స్విచ్చింగ్ సప్లైలో పెద్ద కండెన్సర్ ప్లగ్గు తీశాక కూడా 300 వోల్టులకు పైగా పట్టి ఉంచుతుంది. రెసిస్టర్ ద్వారా దించి, మీటరుతో సున్నా చూశాకే వేలు పెట్టండి.

ఒకేరోజు ఇంట్లో రెండుమూడు పరికరాలు పోతే లోపల వెతకడం ఆపండి. స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైతే ఒక ఇంటికి వోల్టేజీ పడిపోయి పక్కింటికి 300, 400 దాకా పోవచ్చు. ఒక గదిలో బల్బు మసకబారుతూ మరో ఇంట్లో మండిపోతుంటే మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవాలి. స్టెబిలైజర్ దీన్నుంచి కాపాడుతుందని నమ్మకండి. వోల్టేజీ ఎక్కువైనా తక్కువైనా కట్ చేసే ప్రొటెక్టర్ బల్ల బోర్డుకు ముందు పెట్టుకోవడం తెలివైన పని.

ఇక ఎర్త్. ల్యాప్‌టాప్ చార్జర్ల లాంటి స్విచ్చింగ్ సప్లైలలో చాలావాటిలో లైను నుంచి చాసిస్‌కు చిన్న కండెన్సర్లు ఉంటాయి. ఎర్త్ కలిసి ఉంటే అవి గోలను భూమిలోకి పంపుతాయి. కలవకపోతే చాసిస్ మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో భాగమే కాబట్టి మనకు జివ్వుమంటుంది అంతే. కానీ ఆ ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో కలిపిన నానోవీఎన్ఏను భూమికి కలిసిన యాంటెన్నాకు తగిలించినప్పుడు ఆ వోల్టేజీ దారి వెతుక్కునేది దాని సున్నితమైన ఇన్‌పుట్ గుండానే. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడపండి, లేదా నికరమైన ఎర్త్ పిన్ను ఉన్న సాకెట్ వాడండి. కోయాక్స్ నడిమి తీగను పైజాలీకి ఒకసారి షార్ట్ చేసి స్టాటిక్ దించాకే పోర్టుకు బిగించండి.

నానోవీఎన్ఏ చార్జింగ్ కావడంలేదని వచ్చే ఫిర్యాదుకు జవాబు చాలాసార్లు కేబుల్‌లో దొరుకుతుంది. తొలినాటి చవక నమూనాల్లో కొన్నింటిలో యూఎస్‌బీ-సీ సాకెట్‌కు ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టలేదు. అవి లేకపోతే రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జర్ కరెంటు ఇవ్వదు. పాత తరహా వెడల్పు ప్లగ్గు కేబుల్‌తో వెంటనే చార్జవుతుంది. అప్పటికీ కాకపోతే సెల్ వోల్టేజీ చూడండి: నిండుగా 4.2, మూడు దాటి దిగిపోయిందంటే అది ఎక్కువకాలం వాడకుండా పడి ఉన్న సెల్. ఉబ్బిన సెల్‌ను మళ్లీ చార్జ్ చేసే ప్రయత్నం వద్దు, మార్చేయండి. కొత్త సెల్ వేశాక ఓపెన్, షార్ట్, లోడ్ పెట్టి క్యాలిబ్రేషన్ మళ్లీ చేసి, తెలిసిన 50 ఓముల డమ్మీ లోడ్ మీద 1.0కి దగ్గరగా చూపిస్తేనే ఆ పరికరాన్ని యాంటెన్నా దగ్గరికి తీసుకెళ్లండి.